కథలో మాటలు ఎంతవరకు మార్చొచ్చు?

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ చదువుతున్నా సర్, మాది కాకినాడ. ఒక ఆడియో ఛానల్‌కి కథలు చదువుతున్నా. శ్రీకాకుళం వైపు రచయిత ఒకాయన కథలో గుంటడు, ఎల్లిపోనాడు లాంటివి అందరికీ అర్థం కావేమో అని కుర్రాడు, వెళ్లిపోయాడు అని మార్చి చదివితే ఆయన ఒప్పుకోలేదు, మళ్లీ రికార్డ్ చెయ్యమన్నారు. స్క్రిప్ట్ అసలు ముట్టుకోకూడదా? దీన్ని కెరీర్‌గా నమ్ముకోవచ్చా?

జవాబు: చూడమ్మా, ఈ విషయంలో రచయితదే కరెక్టు. గుంటడు తీసేసి కుర్రాడు పెడితే అర్థం మారదు గానీ ఆ మనిషి ఊరు పోతుంది, నువ్వు మార్చింది వినేవాళ్ల కోసం అనుకున్నావు, నిజానికి నీ నోటికి అలవాటు లేదని మార్చావేమో ఒకసారి ఆలోచించు. ఆ యాస నేర్చుకోవడం నీ పనిలో భాగం.

అలాగని ముట్టుకోకూడదని కాదు. కథ కంటి కోసం రాసింది, చదివేవాళ్లకి అర్థం కాకపోతే పైలైను మళ్లీ చూస్తారు, వినేవాళ్లు బస్సులోనో వంటింట్లోనో ఉంటారు, వెనక్కి తిప్పరు, ఆపేస్తారు. ఒక లైను రాసి చూపిస్తా.

"ఇంకెన్నాళ్లు ఈ అప్పులు?" అంది సీత, వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

పుస్తకంలో ఇది బాగానే ఉంటుంది. వింటుంటే మాత్రం ముందు ప్రశ్న వినపడుతుంది, ఎవరడిగారో తర్వాత తెలుస్తుంది, ఇంట్లో నలుగురున్న సీన్ అయితే ఇంక గందరగోళమే. అందుకే "సీత వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది" అని ముందు చదివి, చిన్న గ్యాప్ ఇచ్చి, అప్పుడు ప్రశ్న చదువు. ఒక్క మాట కూడా మారలేదు చూడు, వరసే మారింది. అదే సీతకి వేరే అమ్మాయి గొంతిచ్చే నాటకం అయితే "అంది సీత" అక్కర్లేదు, ఎవరితో అంటుందో తెలియడానికి ముందు ఒక "ఏవండీ" చేర్చాలి. చేతులు తుడుచుకోవడం మాత్రం ఏ సౌండ్ ఎఫెక్టుతోనూ తెలియదు, కాబట్టి అది మాటల్లో ఉండాల్సిందే, లేదా రచయితని అడిగి వదిలెయ్యాలి. వచ్చి, కూర్చుని, చూసి, లేచి అంటూ సాగే పెద్ద వాక్యాలు కూడా అంతే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఎక్కడా కుదరకపోతే అప్పుడు విడగొట్టు. మార్చిన ప్రతి చోటా పాత లైను, కొత్త లైను పక్కపక్కన రాసి రికార్డింగ్‌కి ముందే పంపించు. నీకు జరిగిన గొడవంతా ముందు అడక్కపోవడం వల్లే.

ఇది మర్యాద ఒక్కటే కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన కథలతో ఎంతైనా ప్రాక్టీస్ చేసి బయట పెట్టుకోవచ్చు, చలం 1979లో పోయారు, ఆయనవి 2039 చివరిదాకా పర్మిషన్ లేకుండా కుదరదు. హక్కులు అమ్ముకున్న రచయిత అయినా సరే, పేరు చెడేలా తన రచన మార్చేస్తే అభ్యంతరం చెప్పొచ్చు.

కెరీర్ సంగతికొస్తే, డిగ్రీ మాత్రం మానొద్దు, ఈ పనిలో డబ్బు నెలనెలా రాదు. ఆకాశవాణి డ్రామా ఆడిషన్ పిలిచినప్పుడు అప్లై చెయ్యి, సెలెక్ట్ అయితే బి గ్రేడ్‌తో మొదలవుతుంది, పైన బి హై, ఎ, టాప్ ఉంటాయి, పిలిచిన ప్రోగ్రాముకే డబ్బులు. ఎవరితో అగ్రిమెంట్ రాసుకున్నా నీ గొంతుతో ఏఐ వాయిస్ తయారుచేసుకునే హక్కు వాళ్లకి ఇస్తున్నావేమో ప్రతి లైనూ చదువు, దీని గురించి నాకు నిజంగా భయంగా ఉంది.

ఈ ఆదివారం ఆ రచయితకి ఫోన్ చెయ్యి. సారీ చెప్పి, ఆ డైలాగులు ఆయన్నే ఒకసారి చదివి వినిపించమను, ఫోన్లో రికార్డ్ చేసుకోవచ్చా అని అడుగు, ఎల్లిపోనాడులో ఆయన ఎక్కడ సాగదీస్తున్నారో విని అప్పుడు మైకు ముందు కూర్చో.