అడ్వాన్స్‌లో పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకుంటానంటే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఉంటున్న ఇల్లు ఖాళీ చేస్తున్నాం, రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పెయింటింగ్‌కి పట్టుకుంటానని ఓనర్ అంటున్నారు, పదకొండు నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది అని అడిగారు కదా. నాకూ అచ్చంగా ఇదే జరిగింది.

ముందు ఆ పాత అగ్రిమెంట్ తీసి చదవండి. గడువు అయిపోయినా ఓనర్ అద్దె తీసుకుంటున్నంత కాలం మీరు నెల నెలా కిరాయిదారే. పెయింటింగ్‌కి నెల అద్దె అని అందులో రాసి, మీరు సంతకం పెట్టి ఉంటే వాదన కష్టం. నా దాంట్లో ఆ లైను లేదు.

కూకట్‌పల్లిలో మాది 14,000 అద్దె, 28,000 అడ్వాన్స్. ఖాళీ చేసే రోజు ఓనర్‌గారు ఫోన్ టార్చ్ వేసి గోడలన్నీ చూశారు. ఫ్రిజ్ వెనక నల్ల మచ్చ, బెడ్రూంలో ఆరు డ్రిల్ రంధ్రాలు, హాల్లో మా పాప క్రేయాన్‌తో గీసిన పొడవాటి రైలు. "అందరూ ఇచ్చేదే బాబూ, నెల అద్దె పోతుంది" అన్నారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం మామూలు వాడకంలో వచ్చే అరుగుదల కిరాయిదారు నెత్తిన పడదు. మూడేళ్లలో రంగు వెలిసిందంటే అది అరుగుదలే. రంధ్రాలు, రైలు మాత్రం మా పనే, ఒప్పుకున్నాను. పెయింటర్‌ని పిలిచి అడిగితే లప్పంతో కలిపి 2,600 అన్నాడు. ఆ అంకె వేసి, మిగతా 25,400 పదిహేను రోజుల్లో ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. పది రోజులకి డబ్బు అకౌంట్‌లో పడింది. ఇవ్వకపోతే లోక్ అదాలత్‌కి వెళ్దామనుకున్నాను. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు.

రెంట్ కంట్రోల్ కోర్టుకి వెళ్లమని ఎవరైనా చెబితే నమ్మి తిరగకండి. ఇక్కడ కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలు ఆ చట్టం కిందికి రావు. అడ్వాన్స్ రెండు నెలలకి మించకూడదని వాట్సాప్‌లో తిరిగే 2021 నమూనా చట్టం కూడా అంతే, రాష్ట్రం తెచ్చుకుంటేనే చెల్లుతుంది.

చివరి నెలల అద్దె ఎగ్గొట్టి అడ్వాన్స్‌లో చెల్లు వేసుకోమని మా ఆఫీసులో నలుగురూ నాకు చెప్పారు. ఓనర్ రాసిస్తే తప్ప ఆ పని చేయకండి, తప్పు మీ వైపు తిరుగుతుంది. నోటీసు కూడా కాగితం మీదే ఇవ్వండి. అగ్రిమెంట్‌లో నెల అని ఉంటే నెల ముందు, ఏమీ లేకపోతే చట్టం ప్రకారం పదిహేను రోజుల ముందు. నేను నోటితో చెప్పి ఊరుకున్నాను, ఆయన "ఎప్పుడు చెప్పావ్?" అన్నారు.

ఇప్పటికీ పండగలకి ఫోన్ చేసుకుంటాం. రెండు కోటింగులు వేసినా ఆ రైలు లీలగా కనిపిస్తూనే ఉందట.