లాస్ట్‌లాగాన్‌లోని 18 అంకెల సంఖ్యను తేదీగా మార్చడం ఎలా?

సంస్థల్లో వినియోగదారుల ఖాతాలను నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీలో ఒక ఖాతా లాస్ట్‌లాగాన్ (చివరిసారి లాగిన్ అయిన సమయం) విలువ 133444736000000000 అని ఉంది, దీన్ని ఎలా చదవాలి అన్నది ప్రశ్న.

1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కించే యూనిక్స్ పద్ధతికి అలవాటుపడినవారు పొరబడేది ఇక్కడే. విండోస్ లెక్క 1970లో కాదు, 1601 జనవరి 1న మొదలవుతుంది. కొలత కూడా సెకను కాదు, 100 నానోసెకన్లు. సెకనుకు అలాంటివి కోటి. కాబట్టి ముందు సంఖ్యను కోటితో భాగించండి. 13344473600 సెకన్లు వస్తాయి. అందులోంచి 1601కీ 1970కీ మధ్య ఉన్న 11644473600 సెకన్లు తీసేస్తే మిగిలేది 1700000000. ఇది మనకు తెలిసిన యూనిక్స్ సమయమే: 2023 నవంబర్ 14, రాత్రి 10:13:20, యూటీసీ ప్రకారం. భారత కాలమానంలో అప్పటికే తేదీ మారి, 15వ తేదీ తెల్లవారుజామున 3:43:20 అవుతుంది. నివేదికలో ఏ కాలమానమో తప్పకుండా రాయండి.

విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో ఇంత లెక్క అక్కరలేదు. డేట్‌టైమ్‌లోని ఫ్రమ్‌ఫైల్‌టైమ్‌కు సంఖ్యను ఇస్తే చాలు, స్థానిక సమయం వస్తుంది. పైథాన్‌లోనైతే పూర్ణాంక భాగహారమే వాడండి. ఇంత పెద్ద సంఖ్యను ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మారిస్తే చివరి అంకెల కచ్చితత్వం పోతుంది.

విలువ 0 ఉంటే మాత్రం మార్చకండి, 1601 నాటి తేదీ కనిపిస్తుంది. మీరు అడిగిన డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను పరిశీలించే సర్వర్) దగ్గర లాగిన్ నమోదు కాలేదని దాని అర్థం. లాస్ట్‌లాగాన్ విలువ కంట్రోలర్ల మధ్య నకలు కాదు కనుక, అన్నింటినీ అడిగి పెద్ద సంఖ్యనే తీసుకోవాలి.