పాత నక్షత్రమైతే ఇనుము తక్కువేనా?

ప్రశ్న: డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. పాత నక్షత్రాల్లో లోహాలు తక్కువ, తర్వాత పుట్టినవాటిలో ఎక్కువ అని క్లాసులో చెప్పారు. కానీ పాలపుంత నడిమధ్యలో ఉన్న నక్షత్రాలు చాలావరకు పాతవేనని, అయినా వాటిలో లోహాలు దండిగా ఉన్నాయని ఒకచోట చదివాను. రెండింట్లో ఏది నిజం?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండూ నిజమే. క్లాసులో చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. నక్షత్రంలో లోహాలు (హైడ్రోజన్, హీలియం తప్ప మిగతా మూలకాలన్నిటినీ ఖగోళ శాస్త్రంలో లోహాలనే అంటారు, ఆక్సిజన్‌ని కూడా) ఎంత ఉంటాయనేది అది ఎప్పుడు పుట్టిందన్నదాని మీదే కాదు, ఎక్కడ పుట్టిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అక్కడి వాయువు అప్పటికే ఎన్ని తరాల నక్షత్రాల్లో ఉడికి బయటికొచ్చిందో చూడాలి.

పాలపుంత మధ్యలో వాయువు దట్టం, గురుత్వాకర్షణ బలం. నక్షత్రాలు గబగబా పుట్టాయి, వాటిలో భారీవి గబగబా పేలిపోయాయి, ఆ పేలుడులో ఎగిరిన పదార్థాన్ని గురుత్వం ఎక్కడికీ పోనివ్వకుండా పట్టి ఉంచింది, దాంతోనే తర్వాతి తరం తయారైంది. అలా వందల కోట్ల ఏళ్ల కిందటే అక్కడ సూర్యుడి స్థాయి లోహాలు, కొన్నిట్లో అంతకు మించి కూడా చేరిపోయాయి. మనం ఉన్నది కేంద్రం నుంచి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో. ఇక్కడ ఈ పని నిదానంగా సాగింది. ఇక్కడి నుంచి ఇంకో 10,000 కాంతి సంవత్సరాలు బయటికి వెళితే, ఈమధ్య పుట్టిన నక్షత్రాల్లో కూడా ఇనుము సుమారు మూడో వంతు తగ్గిపోతుంది.

అసలు అందమంతా ఇనుము, మెగ్నీషియంల నిష్పత్తిలో ఉంది, నన్నడిగితే ఈ సబ్జెక్టులో మొదట చెప్పాల్సింది ఇదే. ఆక్సిజన్, మెగ్నీషియం ఎక్కువగా భారీ నక్షత్రాల పేలుళ్ల నుంచి వస్తాయి. వాటి ఆయుష్షు తక్కువ, కొన్ని కోట్ల ఏళ్లలోపే పేలిపోతాయి. ఇనుములో పెద్ద వాటా మాత్రం వైట్ డ్వార్ఫ్‌లు (సూర్యుడిలాంటి నక్షత్రాలు ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, దట్టమైన గోళాలు) పేలినప్పుడు వస్తుంది. అందుకు చాలా కాలం పడుతుంది, ఒక్కోసారి వంద కోట్ల ఏళ్లు, ఇంకా ఎక్కువ కూడా. కాబట్టి ఒక నక్షత్రంలో ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువగా ఉందంటే, ఆ చోటికి ఇనుము పూర్తిగా చేరకముందే అది పుట్టేసిందని అర్థం. పాలపుంత మధ్యలోని పాత నక్షత్రాల్లో చాలావాటిలో ఇనుము తక్కువేమీ కాదు, అయినా దాంతో పోలిస్తే మెగ్నీషియం సూర్యుడిలో కన్నా ఎక్కువ పాళ్లలో ఉంది. అక్కడ పని ఎంత వేగంగా జరిగిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పాలపుంత చుట్టూ పలచగా పరుచుకున్న పరివేషం కథ వేరే. అక్కడి నక్షత్రాల్లో ఇనుము సూర్యుడిలో ఉన్నదానిలో పదో వంతు, వందో వంతు, కొన్నిట్లో ఇంకా తక్కువ. వాటిలో చాలావరకు బయటి నుంచి వచ్చినవే. సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట ఒక చిన్న గెలాక్సీ పాలపుంతలో కలిసిపోయిందని నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచిన గయా ఉపగ్రహం ఇచ్చిన సమాచారంతో 2018లో తేల్చారు. చిన్న గెలాక్సీల్లో గురుత్వం బలహీనం, పేలుడులో ఎగిరిన వాయువు తప్పించుకుపోతుంది, లోహాలు పేరుకోవు.

మీరు కంటితో చూడదగ్గ ఉదాహరణ ఒకటుంది, స్వాతి. జూన్ మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో తిరుపతిలో దాదాపు నడినెత్తిన నారింజ రంగులో మెరుస్తుంటుంది. మనకు 37 కాంతి సంవత్సరాల దూరమే. అందులో ఇనుము సూర్యుడిలో ఉన్నదానిలో సుమారు మూడో వంతు, మెగ్నీషియం మాత్రం అంతగా తగ్గలేదు. సూర్యుడితో పోలిస్తే సెకనుకు 120 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకుపోతోంది. ప్రస్తుతం పక్కింట్లో ఉన్నట్టున్నా మన సూర్యుడి వర్గం కాదు, పాత తరానిది.

ప్రశ్న: అంత దూరంలోని నక్షత్రంలో ఇనుము ఎంతుందో ఎలా కొలుస్తారు? మన దగ్గర్లో ఎక్కడైనా చేస్తారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వెలుగును విడగొడితే వర్ణపటంలో నల్లటి గీతలు కనిపిస్తాయి, ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరస. అయితే గీత ముదురుగా ఉంటే మూలకం ఎక్కువని కాదు, ఉష్ణోగ్రత కూడా దాన్ని మార్చేస్తుంది. ఆ చిక్కు విడిపోవడానికి దారి చూపింది మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణం, ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో అది చెబుతుంది. దాన్ని వాడుకునే ఖగోళ శాస్త్రవేత్త సిసిలియా పేన్ 1925లో నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని చూపించింది, మొదట్లో పెద్దలు నమ్మలేదు.

దగ్గర్లో అంటే, మీకు దక్షిణంగా తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు పేరు పెట్టారు, ఆయన పెరిగింది హైదరాబాద్‌లోనే. నక్షత్రాల వర్ణపటాలు అక్కడ తీస్తారు. వెళ్లాలనుకుంటే సందర్శకులను ఏ రోజు రానిస్తారో ముందే కనుక్కోండి, వానాకాలం మాత్రం వద్దు, మబ్బులే ఉంటాయి.