గ్లాసులో నీళ్ళు పొయ్యండి

అమ్మాయ్,

ఆదివారం మీ నాటకం రిహార్సల్ చూసి గుంటూరు బస్సెక్కా గదా, అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. ఫోన్ చేస్తే సరే అత్తా సరే అత్తా అని పెట్టేస్తావ్, అందుకే రాస్తున్నా, మీ ఎనిమిది మందీ కూర్చుని చదవండి.

ముందు ఆ గ్లాసు సంగతి. తండ్రి వేషం వేసిన పిల్లాడు కూతురి ఉత్తరం చదివి స్టీలు గ్లాసెత్తి తాగాడు చూడు, గ్లాసు ఖాళీ, గుటక పడలా, గొంతు కదల్లా. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో అయితే ఆరో వరసలో ఎవరికీ తెలీదు. మీ సత్యనారాయణపురం మేడ గదిలో చూసేవాళ్ళు మూరెడు దూరంలో చాప మీద కూర్చుంటారు, నేనూ అక్కడే కూర్చున్నా, అప్పటిదాకా ఆ తండ్రిని నమ్మినదాన్ని ఆ గ్లాసు దగ్గర ఆగిపోయా. నీళ్ళు పొయ్యండి, నిజంగా తాగనివ్వండి, చొక్కా మీద కాస్త ఒలికినా పర్లేదు. స్టేజీ వద్దు తెర వద్దు అనుకున్నారు, మంచిదే, నాకు నచ్చింది కూడా, కానీ అవి తీసేశాక నటుడు దాక్కోడానికి చోటుండదు.

మీతో చేరిన సీనియర్ నటుడుగారు అరుస్తున్నాడని గుసగుసలాడుకుంటున్నారు, విన్నా. ఆయన తప్పేం లేదమ్మా. నాలాగే ఏళ్ళ తరబడి పరిషత్తు నాటక పోటీల్లో వేలాడే మైకుల కింద నిలబడి డైలాగ్ చెప్పినాయన, కాళ్ళు వాటంతటవే మైకుని వెతుక్కుంటాయి, మొహం జనం వైపు తిరిగిపోద్ది. తగ్గించండి అంటే నొచ్చుకుంటాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని మీలో ఒకళ్ళు కూర్చోండి, ఆ సీనంతా మాకొక్కళ్ళకే చెప్పండి సార్ అనండి, వారం అట్టా చేస్తే గొంతు దానంతటదే దిగుద్ది. ఆయన దగ్గర మీరూ నేర్చుకోండి, ఒక్క మాట మింగడు, మీ కుర్రాళ్ళకేమో వాక్యం చివర వినపడట్లా.

రెండో సగం నాకేం అర్థం కాలా, అడిగితే ఎక్స్‌పెరిమెంటల్ అత్తా అన్నావ్. బెంగాలీ నాటకాల బాదల్ సర్కార్ గారు స్టేజీ, లైట్లు, మేకప్ అన్నీ వదిలేసి ఊళ్ళు తిరిగి ఆడింది జనానికి దగ్గరవ్వడానికే కదమ్మా. అంత దూరం ఎందుకు, బుర్రకథ చెప్పిన మన పొన్నెకల్లు షేక్ నాజర్ గారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి, ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు డక్కీలు, అంతే, ఊరికి ఊరు కదలకుండా కూర్చునేది. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే ఇద్దరు వంతలు చేసే పని చూడండి, కథ పరిగెడుతుంటే మధ్యలో ఆపి వినేవాడికొచ్చిన అనుమానమే వాళ్ళు అడుగుతారు, ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు ఇప్పటి రాజకీయం లాక్కొస్తాడు, మళ్ళీ కథలోకి తోస్తారు. మీ నాటకంలో నా అనుమానం అడిగే మనిషెవరు? లేకపోతే ఒకర్ని పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, ఇంత రాసింది దీనికోసమే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పరిషత్తులో మా నాటిక రాత్రి ఒంటిగంటకి అయింది. మా సమాజం పేరెందుకులే. సెట్టు వ్యాన్‌లో ఎక్కించుకుని వాళ్ళెళ్ళిపోయారు, నేనూ ఇంకో అమ్మాయీ బస్టాండులో మేకప్ మొహాలతో కూర్చున్నాం, కొబ్బరినూనె డబ్బా కూడా వ్యాన్‌లోనే పోయింది, పేపర్ ముక్కలతో తుడుచుకుంటే రంగు కళ్ళల్లోకి పోయి మండింది. తెల్లారి ఫస్ట్ బస్సు. ఆ నాటికకి షీల్డు వచ్చింది, ఫోటో దిగారు, మేం ఎట్టా ఇల్లు చేరామో ఒక్కళ్ళూ అడగలా. ఆ అమ్మాయి మళ్ళీ నాటకం ఆడలా, నాకన్నా మంచి నటి.

మొన్న మీ రిహార్సల్ తొమ్మిదిన్నరకి అయింది. నువ్వు లైట్ల వైర్లు చుట్టుకుంటున్నావ్, ఆ మంగళగిరి పిల్ల ఒక్కతే మెట్లు దిగి ఆటో కోసం నిలబడింది. దారిలోనే కాబట్టి నాతోపాటు బస్సెక్కింది, లేకపోతే? ఎనిమిదింటికల్లా ఆపేయండి. టికెట్ల డబ్బాలో పడే మొదటి రూపాయి బస్సు చార్జీలకి, తర్వాత టిఫినుకి, కొత్త స్పాట్‌లైట్ ఆఖర్న. లెక్కలు ఒక నోటుబుక్కులో రాసి తలుపు దగ్గర మేకుకి వేలాడదీయి, ఎవరైనా తెరిచి చూసుకునేట్టు. సురభి నాటక సమాజం వాళ్ళు 1885లో మొదలుపెట్టి ఇన్ని తరాలు నిలబడ్డారంటే ట్రిక్ సీన్లు ఒక్కటే కారణం కాదు, ఒక కుటుంబంలా ఒకచోట వండుకుని తిన్నారు, పిల్లలు ఆ స్టేజీ మీదే పెరిగారు.

ఇంకోటి, అప్పు చేసి ఒక్కరోజు పెద్ద హాలు తీసుకోవద్దు. అదే గదిలో నలభై మంది చొప్పున ఎనిమిది శనివారాలు ఆడండి, నాలుగో శనివారానికి గానీ నాటకం మీ ఒంటికి పట్టదు.

మొదటి శనివారం వస్తా. టికెట్ డబ్బులు పంపిస్తున్నా, మనవాళ్ళేగా అని ఎవరికీ ఫ్రీగా ఇవ్వొద్దు, నాకు కూడా. ఆ మంగళగిరి పిల్లకి చెప్పు, తిరుగు బస్సులో ఇద్దరం కలిసే వెళ్దామని.

మీ అత్త