హుంగ్‌దువన్ మడులకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ పరిశోధన కోసం ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావ్ ప్రావిన్సులో, హుంగ్‌దువన్ అనే కొండ ఊళ్లలో ఒక పంటకాలమంతా ఉండబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన కాలంలో నేను ప్రేమించిన నేల అది. మన ఇంటి ఆడపిల్ల అక్కడికి వెళ్తోందంటే గుండె నిండిపోయింది. అయితే కొండవాలున మెట్లలా కట్టిన ఆ వరి మడుల్లో తడి–ఆరుతడి పద్ధతిని, అంటే మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టే పద్ధతిని ప్రయత్నించి, నీరు నిలిచిన మడి నుంచి వచ్చే మీథేన్ వాయువు ఎంత తగ్గుతుందో కొలుస్తావని కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ప్రయాణం గురించి నీకు చెప్పవలసింది తక్కువ. మనీలా నుంచి బనావే వరకు రాత్రి బస్సు ఉంటుంది, అక్కడి నుంచి జీప్నీలో, అంటే జనాన్ని ఎక్కించుకునే పొడవాటి జీపులో వెళ్లాలి. రెయిన్‌కోటు, పట్టు ఉన్న బూట్లు, నీకు అలవాటైన మందులు తీసుకెళ్లు.

అక్కడ మున్సిపాలిటీ అంటే పట్టణం కాదు. హుంగ్‌దువన్ జనాభా పది వేలకు లోపే. కొన్ని బరంగాయ్‌లు (మన గ్రామ పంచాయతీల్లాంటివి), వాటి నడుమ లోయలు, ఏటి ఒడ్డున మడులు, అంతే. మేయరు, ఆయన పక్కన ఎన్నికైన సభ్యుల మండలి, ప్రతి బరంగాయ్‌కి ఒక కెప్టెన్ ఉంటారు. చేరిన మర్నాడే మున్సిపల్ హాలుకూ, ఆ తర్వాత నువ్వు ఉండబోయే బరంగాయ్ హాలుకూ వెళ్లి నమస్కరించు. కానీ అది అనుమతి అయిపోయినట్టు కాదు. 1997లో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం ప్రకారం, వాళ్ల సంప్రదాయ జ్ఞానం మీద పరిశోధన చేయాలంటే ముందుగా, స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చే సమ్మతి కావాలి. దాన్ని ఆదివాసీ ప్రజల జాతీయ కమిషన్ ద్వారా పొందాలి. నెలలు పట్టినా విసుగు చెందకు. పెద్దలు కూర్చుని మాట్లాడుకునే ఆ సభల్లో నీ పరిశోధనకు పనికొచ్చే సంగతులు ఎన్నో వినిపిస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నత్తల సంగతి నువ్వు పాఠంలో ఒక పేరాగా చదివి ఉంటావు. నేను దాన్ని పొలాల్లో చూసినవాణ్ణి కాబట్టి తీరిగ్గా చెప్పనీ.

1980ల తొలి సంవత్సరాల్లో దక్షిణ అమెరికాకు చెందిన బంగారు నత్తను ఫిలిప్పీన్స్‌కు తెచ్చారు. అక్కడివాళ్లు దాన్ని గోల్డెన్ కుహోల్ అంటారు. తెచ్చినవారి ఉద్దేశంలో దోషం లేదు. పేద రైతు ఇంట్లో పెరటి తొట్టిలోనే మాంసకృత్తులు పెరుగుతాయి, ఎగుమతి చేస్తే నాలుగు డబ్బులు వస్తాయి అనుకున్నారు. జనానికి ఆ రుచి పట్టలేదు, అనుకున్న అంగడీ దొరకలేదు. తొట్లలోని నత్తలు కాలువల్లోకి, కాలువల నుంచి మడుల్లోకి చేరాయి. పదేళ్లు తిరగకముందే దేశంలో వరి పండే చాలా ప్రాంతాలకు అది పెద్ద పీడ అయింది. నాటిన తొలి వారాల్లో లేత నారును మొదలంటా కొరికేస్తుంది. నీటి మట్టానికి పైన కాడలకూ రాళ్లకూ అంటుకుని ఉండే గులాబీ రంగు గుడ్ల గుత్తులు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

ఆ తప్పు అక్కడితో ఆగలేదు తల్లీ. నత్తను చంపడానికి తగరం కలిసిన రసాయనాలు వచ్చాయి. వాటిని వట్టి చేతులతో చల్లి, ఆ నీళ్లలోనే వట్టి కాళ్లతో దిగిన మనుషుల గోళ్లు ఊడాయి, చర్మం చెడింది, కళ్లు దెబ్బతిన్నాయి. తర్వాత వాటిని నిషేధించారు. ఆ పైన, మడిలో నీరు తగ్గిస్తే నత్త కదలలేదు కాబట్టి పొలం ఆరబెట్టమనే సలహా వచ్చింది. మైదానంలో అది మంచి సలహా, నేనూ ఎందరికో చెప్పాను. కానీ మెట్ల మడి వేరు. అక్కడ కోత అయ్యాక కూడా మడిలో నీరు నిలిపే ఉంచుతారు. నీరు తీసేస్తే రాయీ మట్టీ కలిపి కట్టిన గోడ, దాని వెనకున్న నేల ఎండి బీటలు వారతాయి. తర్వాత పెద్ద వాన కురిస్తే ఆ బీటల్లోకి నీరు దిగి గోడ ఉబ్బుతుంది, ఉబ్బిన గోడ కింది మడి మీద కూలుతుంది. కింది మడి వేరొకరిది. గోడ తిరిగి కట్టాలంటే రాయి రాయీ మోసుకు రావాలి. మోయవలసిన కుర్రవాళ్లేమో చదువులకూ ఉద్యోగాలకూ బాగియోకో మనీలాకో వెళ్లిపోయి ఉంటారు.

నీ తడి–ఆరుతడి పద్ధతీ నీరు తీయడమే కదా. నేలలో పాతిన గొట్టంలో నీరు పదిహేను సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగి మళ్లీ పెట్టే ఆ పద్ధతి కింద మైదానాల్లో, లగూనాలోనో నువేవా ఎసిహాలోనో నీటినీ డబ్బునూ మిగిల్చింది. దాని మీద నాకు గౌరవం ఉంది. కొండ మీద మాత్రం, ఆ గోడ సంగతి తెలిసిన మనిషి సరేననే దాకా ఒక్క గొట్టమూ పాతవద్దు. మొదటి పంటకాలం పూర్తిగా చూడటానికే పెట్టు. పైన కుటుంబాలు కాపాడుకునే ముయోంగ్ అడవి నుంచి ఊట ఎలా దిగుతుందో, ఏ మడి నుంచి ఏ మడికి ఎప్పుడు వదులుతారో రాసుకో. మీథేన్ కొలవాలనుకుంటే, వాళ్లు ఎప్పటిలా సాగు చేస్తున్న మడిలోనే కొలుచుకో. ఆ మడుల్లో ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది కదా, మీథేన్ ఎంత వస్తుందో తెలియడమే ఒక ఫలితం. మీ ప్రొఫెసరు తొందరపెడితే, పెదనాన్న ఒప్పుకోలేదని చెప్పు, నేనే మాట్లాడతాను.

వాళ్లతో ఎలా మెలగాలో కొంచెం చెబుతాను. వాళ్లు తరతరాలుగా పండించే తినవోన్ వరి ఏడాదికి ఒకే పంట. ఆ ధాన్యం ఇంటి గౌరవం, దాన్ని కిలోలలో మాత్రమే లెక్కించి మాట్లాడకు. పొలంలో ఎవరూ దిగకూడని రోజులు ఉంటాయి, ఆ రోజుల్లో నువ్వూ గట్టు మీదికి వెళ్లవద్దు. ధాన్యాగారాల్లో కనిపించే, ధాన్యాన్ని కాపాడతాయని వాళ్లు నమ్మే బులుల్ కొయ్య బొమ్మలను ముట్టుకోకు, కొనకు. కోతల్లోనూ, చావు ఇంటి జాగరణలోనూ స్త్రీలు పాడే హుద్‌హుద్ గాథలు వినే భాగ్యం దొరికితే, అడగకుండా ఫోను తీయకు. కోతల చివర హపావో ఏట్లో జరిగే పున్నుక్ లాగుడు పోటీని మాత్రం తప్పక చూడు. బియ్యం పులియబెట్టి చేసిన మద్యం ఇస్తారు, తాగకపోతే గిన్నెను రెండు చేతులా అందుకుని మర్యాదగా వద్దను. వక్క, తమలపాకు, సున్నం ఇస్తే కాదనకు. మీ నానమ్మ తాంబూలపు పళ్లెం ముందు కూర్చున్నట్టే ఉంటుంది నీకు. ఆడపిల్లగా నీకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆడైనా మగైనా, ఇంట్లో మొదట పుట్టిన బిడ్డకే మంచి మడులు దక్కుతాయి. ఇంటికి పెద్దదానివని చెప్పు, వాళ్లు నిన్ను వేరే కంటితో చూస్తారు.

వాన గురించి నేను అతిగా భయపడతానని మీ నాన్న అంటాడు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉన్నవాడికి ఆ భయం ఎలా పోతుంది? వాడు అప్పటికి పసివాడు, వాడికేం గుర్తుంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుపానుల కాలం, హుంగ్‌దువన్ కోతలూ ఆ కాలంలోనే పడతాయి. తుపాను పేరు కూడా లేని మామూలు వాన చాలు. 2022 జూలైలో బనావే పట్టణం మీదికి ఒక్క సాయంత్రంలో బురద వరద వచ్చిపడింది. వాతావరణ శాఖవాళ్లు ఒకటి నుంచి ఐదు వరకు హెచ్చరిక సంకేతాలు ఇస్తారు. ఒకటి పడగానే ఎంత పని ఉన్నా లోయ దారుల్లో ప్రయాణం మానుకో. కొండ చరియ కింద గది తీసుకోవద్దు, అద్దె ఎంత తక్కువైనా సరే. గది చూసుకున్నాక దాని వెనక కొండ ఎలా ఉందో ఫోటో తీసి నాకు పంపు, అది చూశాకే అడ్వాన్సు కట్టు. సిగ్నల్ లేని చోటికి వెళ్లేముందు ఎక్కడికో, ఎప్పుడు తిరిగి వస్తావో బరంగాయ్ కెప్టెన్‌కూ మీ అమ్మకూ చెప్పి వెళ్లు.

సమ్మతి కోసం రాసే దరఖాస్తును పంపేముందు నాకు ఒకసారి చూపించు. అందులో ఆరుతడి మాట ఉన్న పేరాను ప్రస్తుతానికి తీసేయి.

ఇట్లు,
మీ పెదనాన్న