రోమన్ సరిహద్దు కోటను తవ్వేవారి వృత్తి: విండోలాండాలో నేను గమనించినది

చరిత్రలో డిగ్రీ చదువుతున్న మీరు, రోమన్ సరిహద్దు కోటలను తవ్వే పురావస్తు శాస్త్రవేత్త వృత్తి జీవితం ఎలా ఉంటుందని అడిగారు. నేను ఆ వృత్తిలో లేను. ఉద్యోగరీత్యా న్యూకాజిల్‌లో ఉంటూ, వేసవి సెలవుల్లో ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా కోట తవ్వకాలలో స్వచ్ఛందంగా పనిచేశాను. అక్కడి నిపుణుల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తాపీతో మట్టి గీరుతూ నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, ఈ వృత్తిలో తవ్వడం చిన్న భాగం. బయటపడినదాన్ని కాపాడి, చదివి, ప్రచురించే బాధ్యతే పెద్దది.

బ్రిటన్‌లో రోమన్ సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దుగా నిలిచిన హాడ్రియన్ గోడ నిర్మాణం క్రీ.శ. 122లో మొదలైంది. దానికి కొద్దిగా దక్షిణాన ఉన్న విండోలాండాలో తొలి కోట అంతకుముందే, 85 ప్రాంతంలో వెలసింది. ఒక దళం వెళ్లిపోతే చెక్క కట్టడాలను పడగొట్టేవారు. తరువాత వచ్చిన దళం ఆ శిథిలాలపై బంకమట్టి, పచ్చిక గడ్డలు పరచి కొత్త కోట కట్టుకునేది. అలా ఒకే చోట ఒకదానిపై ఒకటిగా తొమ్మిది కోటలు లేచాయి. గాలి సోకని కింది పొరల్లో చెక్క, తోలు, బట్ట కుళ్లకుండా నిలిచాయి. తోలు పాదరక్షలే 5,000కు పైగా దొరికాయి. కాబట్టి అక్కడి శాస్త్రవేత్తకు ఉండవలసిన మొదటి నైపుణ్యం మట్టి రంగులో, తడిలో కనిపించే స్వల్ప తేడాను బట్టి తాను ఏ కాలపు కోటలో ఉన్నాడో చెప్పగలగడం. పొర తప్పితే వస్తువు ఎంత గొప్పదైనా దాని కాలం తేలదు.

ఈ వృత్తిని ఒక మనిషి జీవితంలో చూడాలంటే రాబిన్ బర్లీ గురించి చెప్పాలి. ఆయన తండ్రి ఎరిక్ బర్లీ 1929లో విండోలాండా ఉన్న ఎస్టేటును కొని అక్కడ తవ్వకాలు ప్రారంభించారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన రాబిన్, 1970లో ఏర్పడిన విండోలాండా ట్రస్టు తరఫున తవ్వకాలకు నాయకత్వం వహించారు. 1973లో నీరు పోవడానికి కాలువ తవ్వుతుండగా, తాటాకులా పలుచని చెక్క ముక్కలు ఒకదానికొకటి అంటుకుని కనిపించాయి. విడదీస్తే లోపల సిరా రాత ఉంది. అయితే గాలి తగలగానే అది మసకబారింది. పరారుణ ఛాయాచిత్రాలు తీశాకే అక్షరాలు స్పష్టమయ్యాయి. ఆ తరువాత వాటిని చదవడానికి లాటిన్ లిపి నిపుణులైన అలన్ బౌమన్, డేవిడ్ థామస్ ఏళ్ల తరబడి శ్రమించారు.

ఆ శ్రమ ఫలితాన్ని అలాంటి ఒక చెక్క పలకలో చూడండి. తుంగ్రియన్ల (నేటి బెల్జియం ప్రాంతపు తెగవారి) మొదటి దళంలో 752 మంది ఉంటే 456 మంది వేరే పనులపై బయట ఉన్నారని, కోటలో మిగిలిన 296 మందిలో 31 మంది అస్వస్థులని, వారిలో 10 మందికి కళ్ల జబ్బు ఉందని అందులో ఉంది. సరిహద్దు కోట అంటే సైనికులతో ఎప్పుడూ కిక్కిరిసి ఉండే చోటని ఊహించుకున్న నాకు ఆ లెక్క కళ్లు తెరిపించింది. మరో పలకలో క్లాడియా సెవెరా అనే ఆమె, ఈ కోట అధికారి భార్య లెపిడినాను తన పుట్టినరోజుకు పిలుస్తుంది; చివరి పంక్తులు ఆమె స్వయంగా రాసినవే. లాటిన్‌లో స్త్రీ చేతిరాతగా మనకు తెలిసిన అతి పాత ఉదాహరణలలో అదొకటి. ఏ రాతిగోడా చెప్పలేని విషయాలివి.

అయితే రాబిన్ జీవితాన్ని నమూనాగా పెట్టుకోవద్దని నా సలహా. ఆయన 2018లో మరణించారు; ఇప్పుడు కుమారుడు ఆండ్రూ తవ్వకాలు నడుపుతున్నారు. భూమి మొదట ఎరిక్‌దీ, తరువాత ట్రస్టుదీ కావడం వల్ల మూడు తరాలు ఒకే చోట నింపాదిగా పనిచేయగలిగాయి. బ్రిటన్‌లో ఎక్కువమంది పురావస్తు ఉద్యోగులు రోడ్డో, ఇళ్ల సముదాయమో కట్టబోయే ముందు ఆ స్థలాన్ని గడువులోగా తవ్వి, నివేదిక రాసి, మరో ఊరికి వెళ్తారు. గడువు ఎంత కఠినమో మనకు తెలియనిది కాదు: జలాశయం ముంచెత్తక ముందే నాగార్జునకొండ లోయనంతా 1954 నుంచి 1960 వరకు తవ్వవలసి వచ్చింది.

ఇప్పుడు విండోలాండా ట్రస్టుకూ గడువు ఎదురైంది. దానికే చెందిన మాగ్నా కోటలో నేల ఎండిపోతూ, పొరల్లోకి గాలి చేరుతోంది. అందుకే అక్కడ 2023లో తవ్వకాలు మొదలుపెట్టారు. 2025లో 32 సెంటీమీటర్ల పొడవైన పాదరక్ష అడుగుభాగం దొరికింది. దొరికిన ప్రతి తోలు ముక్కనూ తడి ఆరకుండా ప్రయోగశాలకు చేర్చాలి, శుద్ధి చేయాలి, నమోదు చేయాలి. మట్టిలో ఉన్నంత భద్రంగా బయట ఉంచడం ఖర్చుతో కూడిన పని.

మీకు ఆసక్తి నిజంగా ఉంటే ముందు లాటిన్ ప్రాథమికాలు నేర్చుకోండి, నేల పొరలను గీయడం అభ్యసించండి. ఆ తరువాత ఒక తవ్వకంలో చేరండి. విండోలాండాలో స్వచ్ఛంద సేవకులను ముందస్తు అనుభవం అడగరు. వర్షంలో, చలిగాలిలో రోజంతా బురద మోసిన తరువాత కూడా సాయంత్రం నమోదు పుస్తకాన్ని శ్రద్ధగా నింపాలనిపిస్తే, పురావస్తు శాస్త్రంలో పీజీకి దరఖాస్తు చేయండి.