టెక్ సందేహాలు: అటకమీది స్పెక్ట్రమ్‌కి కొత్త టీవీలో బొమ్మ రావాలంటే

ప్రశ్న: మా బాబాయి ఇంగ్లండ్‌లో డాక్టరుగా ఉన్నప్పుడు 1984లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే అనే హోమ్ కంప్యూటర్ ఈమధ్య అటకమీద దొరికింది. ఎల్‌ఈడీ టీవీకి యాంటెన్నా సాకెట్లో కలిపితే ఒక్కోసారి గింజలు గింజలుగా ఏదో కనపడుతుంది, ఒక్కోసారి అదీ లేదు. ఆన్‌లైన్‌లో ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా చూశాను. కొనేయమంటారా? (విజయవాడ)

కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. మీ మెషిన్ నుంచి ఇప్పుడు వచ్చేది యాంటెన్నా సిగ్నల్, ఆ డబ్బా అడిగేది ఏవీ సిగ్నల్, రెండూ అసలు కలవవు. పైగా మీకు కావలసిన మంచి సిగ్నల్ ఆ కంప్యూటర్ లోపలే ఉంది, బయటికి రానివ్వట్లేదంతే. దాన్ని బయటికి తీయడానికి పట్టే ఖర్చు ఒక కెపాసిటరు, కాస్త సోల్డరింగ్ సీసం.

కానీ అంతకన్నా ముందు ఒక మాట, మీరు దానికి ఏ అడాప్టర్ పెట్టి ఆన్ చేశారు? స్పెక్ట్రమ్‌కి 9 వోల్టుల డీసీ కావాలి, అయితే ప్లగ్ మధ్య పిన్ను నెగటివ్. ఇప్పుడు మన ఇళ్లలో పడి ఉండే రౌటర్ అడాప్టర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు దాదాపు అన్నీ మధ్యలో పాజిటివే. సరిగ్గా దూరుతుంది కదా అని పెట్టేస్తే లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. మీకు గింజలైనా కనపడుతున్నాయంటే మెషిన్ బతికే ఉన్నట్టు లెక్క, బాబాయి గారు ఒరిజినల్ అడాప్టర్ కూడా దాచి ఉంటారు. అయినా ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూసుకోండి.

ఇక బొమ్మ సంగతి. స్పెక్ట్రమ్‌లో బొమ్మను తయారుచేసేది ఫెరాంటి వాళ్లు చేసిన యూఎల్‌ఏ అనే చిప్. అది వెలుగును, రంగులను విడివిడిగా పంపిస్తే, ఎల్ఎమ్1889 అనే ఇంకో చిప్ రంగుల పని చూసి అన్నీ కలిసి ఒకే కాంపొజిట్ వీడియో సిగ్నల్ అవుతుంది, మనం ఏవీ సిగ్నల్ అనేది దీన్నే. అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ సిగ్నల్ ఒక రేకు డబ్బాలోకి, అంటే మాడ్యులేటర్‌లోకి వెళ్తుంది, అది ఈ సిగ్నల్‌ని టీవీ ప్రసారం లాగా మార్చి యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్లో పంపిస్తుంది. అంటే రెండు గజాల వైరు దాటడం కోసం ఒక బుల్లి టీవీ స్టేషన్ పెట్టారన్నమాట. 1982లో బ్రిటన్‌లో ఇళ్లలోని టీవీలకు యాంటెన్నా సాకెట్ తప్ప ఇంకో దారి సాధారణంగా ఉండేది కాదు మరి, దీన్ని తయారుచేసిన సింక్లెయిర్ వాళ్లకు గత్యంతరం లేదు. మీ ఎల్‌ఈడీ టీవీ దగ్గరికొచ్చేసరికి దాని ట్యూనర్ మళ్లీ ఆ సిగ్నల్‌ని విప్పాలి. మీరు చూసే గింజలు, మసకతనం చాలావరకు ఈ కట్టడం, విప్పడంలోనే పుడుతున్నాయి. కొన్ని కొత్త టీవీల్లో అనలాగ్ ట్యూనరే లేదు, వాటిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు.

(అసలు అది అటకెక్కడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఆ రోజుల్లో మన దగ్గర చాలా టీవీలకు దూరదర్శన్ కోసం వీహెచ్‌ఎఫ్ ట్యూనరే ఉండేది, 36వ ఛానల్ దాకా ఆ గుండ్రటి నాబ్ తిరిగేది కాదు.)

కాబట్టి చేయాల్సిందల్లా మాడ్యులేటర్‌ని పక్కకు తప్పించి, దాని గుమ్మం దాకా వచ్చిన కాంపొజిట్ సిగ్నల్‌ని అదే సాకెట్ నుంచి బయటికి తీయడం.

అడాప్టర్ తీసేసి, కంప్యూటర్‌ని బోర్లించి కింద ఉన్న అయిదు స్క్రూలు తీయండి. పై కప్పు ఎత్తేటప్పుడు మాత్రం తొందరపడకండి, కీబోర్డు నుంచి రెండు పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్లు బోర్డులోకి దిగి ఉంటాయి. నలభై ఏళ్ల నాటి ప్లాస్టిక్, అప్పడంలా విరుగుతుంది. మెల్లగా నిటారుగా లాగండి, అటూ ఇటూ ఊపొద్దు. మళ్లీ పెట్టేటప్పుడు చివర చిట్లి ఉంటే కొత్త మెంబ్రేన్ (ఆ రిబ్బన్లతో కలిసి ఉండే కీబోర్డు లోపలి పొర) దొరుకుతుంది, విదేశాల్లో ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు.

లోపల ఓ మూల వెండిరంగు రేకు డబ్బా కనపడుతుంది, దాని మూత ఊడదీయండి. డబ్బా పక్కనుంచి రెండు వైర్లు బోర్డులోకి వెళ్తుంటాయి, ఒకటి 5 వోల్టుల కరెంటు, ఇంకోటి వీడియో. ఏది ఏదో ఫోటోలు చూసి నమ్మకండి, ఆన్ చేసి మల్టీమీటర్‌తో చూస్తే స్థిరంగా 5 చూపించేది కరెంటు వైరు, మిగిలింది మనకు కావలసింది. మళ్లీ ఆపేయండి. కరెంటు వైరుని డబ్బా నుంచి విడదీసి, చివరకు టేపు చుట్టండి. డబ్బా లోపల సాకెట్ మధ్య పిన్నుకి ఒక చిన్న రెసిస్టర్ అతికించి ఉంటుంది, దాని ఆ కొసను మాత్రం లేపండి. తర్వాత వీడియో వైరు కూడా డబ్బా నుంచి విడదీసి, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పాజిటివ్ కాలు దానికి, నెగటివ్ కాలు సాకెట్ మధ్య పిన్నుకి వేయండి. అయిపోయింది. ఏదీ కత్తిరించలేదు కాబట్టి రేపు ఎవరైనా ఒరిజినల్‌గానే ఉండాలంటే అరగంటలో వెనక్కి మార్చేయొచ్చు. బొమ్మ మరీ వెలిసిపోయినట్టో, వణుకుతున్నట్టో ఉంటే మధ్యలో చిన్న ట్రాన్సిస్టర్ బఫర్ పెట్టాల్సి రావచ్చు, కానీ ముందు ఇది చేసి చూడండి. సామానంతా హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరికేస్తుంది, మీ ఊళ్లో టీవీ రిపేరు షాపులో అడిగినా ఇస్తారు.

టేపు చుట్టమని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేను మొదటిసారి చేసినప్పుడు ఆ కరెంటు వైరుని గాల్లో వదిలేశాను. మూత పెట్టగానే అది రేకుకి తగిలింది. స్క్రీన్ నల్లబడింది, నా మొహం తెల్లబడింది. లోపలి 7805 రెగ్యులేటర్ షార్ట్ అయినప్పుడు తనే వెనక్కి తగ్గే రకం కాబట్టి మెషిన్ దక్కింది, ఆ రోజు అన్నం మాత్రం సహించలేదు.

ఇప్పుడు మామూలు ఏవీ కేబుల్‌తో టీవీ పసుపురంగు సాకెట్‌కి కలపండి. టీవీకి పసుపు సాకెట్ లేకుండా 3.5 మిల్లీమీటర్ల ఏవీ రంధ్రం ఒక్కటే ఉంటే, ఆ టీవీతో వచ్చిన కేబులే వాడండి, ఎందుకంటే ఆ పిన్నులో వీడియో ఎక్కడ, గ్రౌండ్ ఎక్కడ అన్నది కంపెనీకో రకంగా ఉంటుంది, వేరే కేబుల్ పెట్టి బొమ్మ రాలేదని కంప్యూటర్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది. శబ్దం గురించి కంగారొద్దు, దాని స్పీకర్ దాని లోపలే ఉంది, టీవీకి ఎప్పుడూ శబ్దం వెళ్లేదే కాదు. అన్నీ సరిగ్గా ఉంటే తెల్లటి తెర, కింద 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అన్న లైను, చదవగలిగేంత స్పష్టంగా.

రంగులు రాకుండా నలుపు తెలుపులోనే వస్తే, ఎల్ఎమ్1889కి కావలసిన 12 వోల్టులు అందుతున్నాయో లేదో చూడండి. ఆ 12నీ, మెమరీ చిప్‌లకు కావలసిన మైనస్ 5నీ బోర్డు మీదున్న చిన్న కన్వర్టర్ సర్క్యూటే తయారుచేస్తుంది, అది పోతే రంగులతో ఆగదు, మెమరీ కూడా పోతుంది. అందుకని అలాంటప్పుడు ఆన్ చేసి ఉంచకండి.

కాంపొజిట్‌తో పోనిది ఒకటుంది. ఎర్రటి అక్షరాల అంచుల్లో చీమలు పాకినట్టు కదలిక. స్పెక్ట్రమ్ చుక్కలు సెకనుకు 70 లక్షల చొప్పున వెళ్తాయి, పాల్ (PAL, బ్రిటన్‌లోనూ మన దగ్గరా వాడిన కలర్ టీవీ పద్ధతి) రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్‌లో ఊగుతుంది, రెండూ వేర్వేరు క్రిస్టల్స్ కాబట్టి ఎప్పటికీ జత కుదరవు. అది దాని పుట్టుకలోనే ఉంది.

ఇప్పుడు మీరడిగిన హెచ్‌డీఎంఐ డబ్బా దగ్గరికి వద్దాం. ఈ మార్పు చేశాక దానికి కలపొచ్చు, బొమ్మ వస్తుంది, కానీ ఆటలాడితే విసుగు పుడుతుంది. మామూలు పాల్ టీవీ ప్రసారంలో 625 లైన్లు, సగం ఒకసారి, మిగతా సగం వాటి మధ్యలో ఇంకోసారి. స్పెక్ట్రమ్ అలా చేయదు, ప్రతిసారీ అవే 312 లైన్లు గీస్తుంది, సెకనుకు 50.08 సార్లు. చౌక డబ్బాకి ఈ తేడా తెలియదు, ప్రసారమే అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపి అల్లేస్తుంది, దాంతో పరుగెత్తే బొమ్మ అంచులు దువ్వెన పళ్లలా తయారవుతాయి. దానికితోడు చాలా డబ్బాలు బయటికి 60 హెర్ట్జ్‌లోనే పంపిస్తాయి, అయిదు ఫ్రేములకోసారి ఒకటి రెండుసార్లు చూపించాల్సి వస్తుంది, స్క్రోలింగ్ గతుకుల రోడ్డు మీద ఆటోలా ఉంటుంది. రెట్రోటింక్ లాంటి కన్వర్టర్లు ఈ పాత సిగ్నల్స్ కోసమే చేసినవి, వాటికి తేడా తెలుసు. ధర మాత్రం కన్వర్టర్ డబ్బాతో పోల్చొద్దు.

ఇంకో దారి కూడా ఉంది, వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి తగిలించే జెడ్‌ఎక్స్-హెచ్‌డీ. అది వీడియో సిగ్నల్ జోలికే పోదు. ప్రాసెసర్ స్క్రీన్ మెమరీలోకి, అంటే 16384 అడ్రసు నుంచి ఉండే 6912 బైట్లలోకి ఏం రాస్తోందో పొంచి చూసి, లోపలి రాస్ప్‌బెర్రీ పై జీరోతో అదే బొమ్మను కొత్తగా గీసి హెచ్‌డీఎంఐలో పంపిస్తుంది. అంచులు కత్తితో కోసినట్టుంటాయి. నాకైతే మరీ శుభ్రంగా అనిపించింది, ఇష్టం మీది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. మా స్కూలుకి క్లాస్ ప్రాజెక్టులో వచ్చిన బీబీసీ మైక్రో పాత సామానులో పడేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నాను. బీఎన్‌సీ సాకెట్ నుంచి టీవీకి కలిపితే బొమ్మ బాగుంది కానీ రంగుల్లేవు. (వరంగల్)

మాస్టారూ, మీ కంప్యూటర్ అప్పట్లో దర్జాగా పుట్టింది. 1984లో మన ప్రభుత్వం బళ్లలో కంప్యూటర్ చదువు కోసం క్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టి దేశంలో బళ్లకు పంచిన మెషిన్ ఇది. మోడల్ బీ వెనక వీడియోకే మూడు దారులు: యాంటెన్నా, మీరు వాడిన బీఎన్‌సీ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడివిడిగా పంపే గుండ్రటి ఆరు పిన్నుల ఆర్‌జీబీ. బీఎన్‌సీకి కంపెనీలోనే నలుపు తెలుపు సెట్ చేశారు, 80 అక్షరాల లైన్లు మోనోక్రోమ్ మానిటర్ మీద స్పష్టంగా కనపడాలని. బోర్డు మీద ఎస్39 అని రాసి ఉన్నచోట లింకు కలిపితే రంగు వచ్చేస్తుంది, చిన్న అక్షరాలు మాత్రం కాస్త మసకబారతాయి. ఆర్‌జీబీ వాడితే రెండూ దక్కుతాయి, కాకపోతే అందులో వచ్చేవి టీటీఎల్ స్థాయి, అంటే డిజిటల్ చిప్‌లు వాడే బలమైన సిగ్నల్స్, స్కార్ట్ సాకెట్ (యూరప్ టీవీల్లో ఉండే వెడల్పాటి సాకెట్) ఆశించేది 0.7 వోల్టులు. కాబట్టి లోపల రెసిస్టర్లు వేసిన బీబీసీ మైక్రో కేబుల్ అనే అడిగి కొనండి, ఉత్త వైర్లు కలిపింది వద్దు.

అసలు భయం బొమ్మ గురించి కాదు. ఆ పవర్ సప్లైలో పసుపుపచ్చటి పారదర్శకమైన ఫిల్టర్ కెపాసిటర్లు రెండుంటాయి, వయసు మీదపడి బీటలు వారి తేమ పీలుస్తాయి. ఒకరోజు ఢామ్మని పేలి గది నిండా కంపుకొట్టే పొగ వస్తుంది. అవి మెయిన్స్ కరెంటు మీద ఉండేవి, మీరు ముట్టుకోకండి, తెలిసిన మెకానిక్ చేత ఎక్స్2 రకం కొత్తవి వేయించండి. అప్పటిదాకా ఆన్ చేయకండి, మనవళ్లకు చూపించాలని ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే.

ప్రశ్న: న్యూజెర్సీలో గరాజ్ సేల్‌లో కమోడోర్ 64 కొన్నాను. దీనికి ఎస్-వీడియో వస్తుందట, నిజమేనా?

నిజమే, ఆ పేరు పుట్టకముందే అందులో ఉంది. వీడియో సాకెట్‌లో పిన్నులు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే వెలుగు, రంగు వేర్వేరుగా బయటికి వస్తున్నట్టు. తొలినాళ్ల అయిదు పిన్నుల మోడల్ అయితే రంగు విడిగా రాదు. రంగు సిగ్నల్ కాస్త ఎక్కువ బలంగా ఉంటుంది, ఆ వైరులో 300 ఓమ్‌ల దరిదాపుల్లో ఒక రెసిస్టర్ వేసిన కేబుల్ తీసుకుంటే రంగులు కారిపోకుండా ఉంటాయి. కొత్త టీవీల్లో ఎస్-వీడియో సాకెట్ ఉండదు కనుక ఆ ఇన్‌పుట్ ఉన్న మంచి అప్‌స్కేలర్ (పాత సిగ్నల్‌ని కొత్త టీవీకి తగ్గట్టు మార్చే పరికరం) కావాలి. దాంతోపాటు వచ్చిన ఇటుకలాంటి పాత అడాప్టర్‌ని మాత్రం వాడకండి, అది చెడిపోయేటప్పుడు 5 వోల్టుల లైన్లో అంతకన్నా ఎక్కువ పంపి మెమరీ చిప్‌లను తనతో తీసుకుపోతుంది. కేబుల్ కన్నా ముందు కొత్త అడాప్టర్ కొనండి.

ప్రశ్న: అమిగా 500ని పాత వీజీఏ మానిటర్‌కి పిన్ను మార్చి కలిపేయొచ్చా? (బెంగళూరు)

పిన్ను మార్చగలరు, బొమ్మ రావడం కష్టం. అమిగా మామూలుగా సెకనుకు 15,600 లైన్లు గీస్తుంది, వీజీఏ మానిటర్లు చాలావరకు 31,500 దగ్గర మొదలవుతాయి. మానిటర్ మాన్యువల్‌లో హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ 15 నుంచి అని ఉంటే అదృష్టమే, 30 నుంచి అని ఉంటే మధ్యలో లైన్లను రెట్టింపు చేసే పరికరం ఉండాల్సిందే. ఏవీ సాకెట్ ఉంది కదా అంటారేమో, అమిగా 500లో దాన్నుంచి నలుపు తెలుపే వస్తుంది. ఇంకో తలనొప్పి, దాని ఆర్‌జీబీ కనెక్టర్‌కి 23 పిన్నులు, మామూలుగా షాపుల్లో దొరకడం కష్టం, చాలామంది 25 పిన్నులది కొని ఓ చివర రెండు పిన్నుల మేర రంపంతో కోసి వాడుతున్నారు. కోసేముందు ఏ చివర కోయాలో రెండుసార్లు చూసుకోండి.